కందనకాయ ముక్క

"మీ మందులొద్దు, మీరూ వద్దు. ఇదిగో, ఇది గుడ్డేనా?"

జీవరత్నం పెంకు లేని తోలుగుడ్డొకటి అంతోని అరచేతిలో పెట్టింది. పామర్రుకి కొత్తగా వచ్చిన కోళ్ళ డాక్టరు అతను. మొదటి రోజే ఇదేం గొడవరా దేవుడా అనుకున్నాడు.

అది డెబ్భై నాలుగో సంవత్సరం. శౌరయ్యగారింట్లో వంద లెగ్‌హారన్ కోళ్ళు. వాటిని సాకేది ఆయన కూతురు జీవరత్నమే. ఎంత తిన్నా కోళ్ళు చిక్కిపోతున్నాయి. పొద్దున చచ్చిన కోడినొకదాన్ని అంతోని అరుగు మీదే కోసి చూపించాడు.

"ఇది కందనకాయండీ. కోడికి పళ్ళు లేవు కదా, ఇదే దాని తిరగలి. లోపల రాళ్ళుంటేనే గింజ నలిగేది. చూడండి, జొన్నలు జొన్నల్లాగే ఉన్నాయి."

"మా నల్లరేగడిలో రాళ్ళెక్కడివండీ?"

"నేను తెస్తాను. పెంకుకి నత్తగుల్ల కూడా తెస్తాను. గుల్ల లేకపోతే కోడి తన ఎముకల్లోంచి సున్నం తీసి గుడ్డుకి పెడుతుంది, పిచ్చిది."

"అయ్యో!" అంది జీవరత్నం. ఆ ఒక్క అయ్యోకే అంతోని పడిపోయాడు.

ఇక ప్రతి శనివారం బెజవాడలో కృష్ణ ఒడ్డున సన్న గులకరాళ్ళు ఏరడం, సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కడం. "రాళ్ళ డాక్టరుగారొచ్చారు!" అని ఆమె గుమ్మంలోంచి కేకేసేది. గుడ్లు గట్టిపడ్డాయి, కోళ్ళు ఒళ్ళు చేశాయి. ఇతగాడి మనసులో మాట మాత్రం నోటిదాకా రాలేదు.

ఒక ఆదివారం చర్చిలో పూజయ్యాక భోజనానికి పిలిచారు. జీవరత్నం తల్లి సంపూర్ణమ్మ తన చేత్తో కందనకాయ ముక్క వడ్డించింది. అంతోనికి అరుగు మీది కోడి గుర్తొచ్చింది. ముక్కని మెల్లగా కంచం అంచుకి నెట్టి, మిగతాదంతా మెచ్చుకుంటూ తిన్నాడు.

తరవాతి శనివారం కేక వినపడలేదు. సంచీ శౌరయ్యగారే అందుకున్నారు. రెండు నెలలకి చల్లగా చెప్పారు: "అమ్మాయికి చల్లపల్లి సంబంధం ఖాయమైందండీ. గుళ్ళో పెళ్ళి చాటింపులూ అయిపోయాయి."

అంతోని నేరుగా కోళ్ళ షెడ్డుకి పోయాడు. "నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"మీరే చెప్పారుగా. మా ఇంట్లో కందనకాయ కాబోయే అల్లుడికే పెడతారు. నాన్న కూడా ముట్టడు. మీరు పక్కన పెట్టేశారు. అమ్మ ఆ రోజంతా ఏడ్చింది."

"నాకు తెలీదు రత్నం! ఆ కోసిన కోడి గుర్తొచ్చి నోట్లోకి పోలేదు. అంతే!"

"అంతేనా?" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఇప్పుడే మీ నాన్నగారితో చెబుతాను."

"వద్దండీ. ఆయన మాటిచ్చేశారు. నలుగురిలో తల దించుకోనివ్వలేను. రాళ్ళు తేవడం మాత్రం మానకండేం."

అతను మానలేదు. రత్నం పెళ్ళయిన నెలకి సంపూర్ణమ్మ మళ్ళీ భోజనం పెట్టింది. అంతోని గొంతు సవరించుకుని, "కందనకాయ ఉందా అమ్మా?" అని అడిగాడు.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "అల్లుడికి తీసి ఉంచాను బాబూ. సాయంత్రం వస్తున్నాడు."

అంతోని తల వంచుకుని, పెట్టిందంతా తిన్నాడు.