మారు కుర్చీ

యామిని మాటపట్టీని స్పిరిట్‌తో తుడిచి మార్టిన్ గ్రీవ్స్ మెడకు తొడిగింది.

"బిగుతుగా ఉందా?" అడగడం నిబంధన.

"బాగానే ఉందమ్మా," అన్నాడు గ్రీవ్స్. ఒకప్పుడు బస్సు నడిపినవాడు. పెన్సిల్వేనియా తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లలో ఆఖరివాడు. మిగిలినవాళ్ళంతా రాష్ట్రంలో నెగ్గిన కాల్డ్‌వెల్ పేరే రాసి ఇళ్ళకు పోయారు. దేశం మొత్తం మీద గెలవడానికి కాల్డ్‌వెల్‌కి ఇంకొక్క ఓటు చాలు.

గ్రీవ్స్ రాసిన కాగితాన్ని అధికారి వాల్డెన్ చదివాడు. "రూత్ అమాడి." ఓడిన మనిషి పేరు.

"దిద్దుకోండి."

"ఓటు కోసం వరుసలో నిలబడ్డవాళ్ళని కాల్పించి నెగ్గాడు కాల్డ్‌వెల్. వాళ్ళు నా బస్సెక్కినవాళ్ళు. దిద్దను."

మాట తప్పి వేరే పేరు రాసిన ఎలక్టర్‌కు మాటపట్టీయే మరణశిక్ష. తిలాపాపం తలా పిడికెడు అన్న సామెతను చట్టం బాగా ఒంటబట్టించుకుంది. పేరు చదివేది అధికారి. శవాన్ని ఈడ్చేది కాపలావాళ్ళు. పట్టీ బిగించే మీట మాత్రం యామిని వేలిముద్రకే కదులుతుంది; అది కదలకపోతే చదివిన పేరే ఓటుగా నిలుస్తుంది.

నొక్కింది. పట్టీ మెడలోకి దిగింది. మడమలు బల్లకాలిని దబదబా తన్నాయి. ముక్కు నుంచి రక్తం కాగితం మీద పడితే వాల్డెన్ కొత్త కాగితం పెట్టాడు.

వెచ్చటి కుర్చీలో అతని బదులు మారు ఎలక్టర్ డొలోరిస్ పైక్ కూర్చుంది. బడిలో వంటమనిషి. ఆమె కూడా అమాడి పేరే రాసింది.

"తల్లీ, గట్టిగా నొక్కు, తొందరగా పోతాను," అంది యామినితో.

తొందరగా పోలేదు. పట్టీ బిగిసేకొద్దీ వేళ్ళతో దాన్ని పీక్కుంది. గోళ్ళు ఊడాయి.

ఇక మారు ఎలక్టర్లు లేరు. అలాంటప్పుడు గదిలో ఉన్న ఆ రాష్ట్రపు ఓటరు కూర్చోవాలి. స్థానికులైతే జాలిపడతారని అధికారినీ కాపలావాళ్ళనీ వేరే రాష్ట్రాల నుంచి తెస్తారు. పట్టీ తొడిగే మనిషి స్థానికురాలే అయినా, ఆమెకు జాలి ఉండవచ్చని ఎవరికీ తోచలేదు.

"మీరే కూర్చోవాలి," అన్నాడు వాల్డెన్. "పేరు తెలుసుగా."

యామిని తడిపట్టీని తుడవకుండానే తన మెడకు తొడుక్కుంది. భయం కంటే సిగ్గే ఎక్కువగా వేసింది. ఇన్నేళ్ళూ బిగుతుగా ఉందా అని అడిగిన నోరు తనది. అమాడి పేరు రాసింది.

వాల్డెన్ దాన్ని పైకి చదవలేదు. "దిద్దుకోండి. లేదా మీట దగ్గరికి వచ్చి మీరే నొక్కండి."

"రాను."

కుర్చీలో ఉన్న ఎలక్టర్ మీద మరొకరి చెయ్యి పడకూడదన్నదీ ఆ చట్టమే. వాల్డెన్ కాపలావాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు డొలోరిస్ చేతుల వైపు చూస్తున్నారు.

యామిని కాగితాన్ని అతని ముందుకు జరిపింది.

"చదవండి," అంది. "అది మీ పని."