టాపు లేచే బండి

"ఎలక్ట్రీషియన్ యాడికి పోయినాడమ్మా?" అని చాంద్ అడిగేసరికి హసీనా ఒక పాత జీపు బానెట్ కింద తల పెట్టి ఉంది.

"ఎదురుగానే నిలబడి అడుగుతాండావు కదప్పా," అంది తల ఎత్తకుండానే.

చాంద్ అటూ ఇటూ చూశాడు. అంగడి ముందు స్టూలు మీద కూర్చున్న పెద్దాయన ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆయన బుడేన్ సాహెబ్. కడపలో రాయచోటి రోడ్డు మీద ముప్పై ఏళ్లు బండ్లకు కరెంటు పని చేసినవాడు. షుగరు వల్ల రెండేళ్ల కిందట కళ్లు మసకబారితే, డిప్లొమా ముగించి ఇంట్లో ఉన్న కూతురు హసీనా అంగడి చూసుకోవడం మొదలుపెట్టింది.

చాంద్‌ది కర్నూలు. అక్కడ బాలస్వామి అనే ఆయనకు మూడు తెల్ల క్యాంపర్ వ్యాన్లున్నాయి. లోపలే పరుపు, పొయ్యి, చిన్న ఫ్రిజ్. స్విచ్ నొక్కితే టాపు పైకి లేస్తుంది. దాని కింద గుడ్డ గోడలతో డేరాలాంటి ఇంకో పడకగది తయారవుతుంది. టూరిస్టులను ఎక్కించుకుని ఓర్వకల్లు రాళ్లు, బెలూం గుహలు, గండికోట తిప్పడం చాంద్ ఉద్యోగం. ఆ రోజు టాపు సగం దాకా లేచి ఆగిపోయింది. లైట్లూ పోయాయి. టూరిస్టులను హోటల్లో దింపి, నోరు తెరిచిన బండిని మెల్లగా నడుపుకుంటూ వస్తుంటే కడప బజారంతా ఆగి చూసింది. అసలే తల కొట్టేసినట్టు ఉంది అతనికి.

"నీకు వస్తాదా ఈ పని?" అన్నాడు.

"రాకపోతే ఇట్లే నోరు తెర్చుకోని కర్నూలు దాకా పోతాది నీ బండి. నీ ఇష్టం."

అరగంటలో తప్పు దొరికింది. టాపును మోసే ఇనుప చెయ్యి అంచుకు రాసుకుని రాసుకుని వైరు తోలు ఊడిపోయింది. లోపలి రాగి బాడీకి తగిలి ఫ్యూజు కాలిపోయింది. చాంద్ టార్చి పట్టుకుని నిలబడ్డాడు కానీ, వెలుగు నిలవాల్సిన చోట నిలవడం లేదు.

"లైటు వైరు మీద పెట్టప్పా," అంది హసీనా. "నా ముఖంలో ఏ వైరూ లేదు."

స్టూలు మీద బుడేన్ సాహెబ్ దగ్గాడు. చాంద్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ పక్క వైర్లన్నీ ఆమె కొత్తవి వేసి, ప్రతి అతుకూ సోల్డరింగ్ చేసి, పైన రబ్బరు గొట్టం తొడిగింది. స్విచ్ నొక్కితే టాపు చప్పుడు లేకుండా లేచింది, చప్పుడు లేకుండా దిగింది.

పదిరోజులకు మళ్లీ వచ్చాడు. పైగదిలో లైట్లు కొట్టుకుంటున్నాయన్నాడు. నిజమే, ఎర్త్ వైరు వదులైంది. అది బిగించడానికి పది నిమిషాలు పట్టింది, అతను వెళ్లడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో అతను టీలో చక్కెర వేసుకోడని, వాళ్లమ్మ కర్నూలులో బట్టలు కుడుతుందని, గండికోట లోయ అంచున తెల్లవారుతుంటే టూరిస్టుల కంటే ముందు తనే లేచి చూస్తాడని హసీనాకు తెలిసింది.

మూడోసారి, నాలుగోసారి వచ్చినప్పుడు టాపు అప్పుడప్పుడు ఆగుతోందన్నాడు. అంగడిలో మాత్రం పదిసార్లు నొక్కితే పదిసార్లూ లేచింది. వచ్చి పోయే తప్పును పట్టుకోవడం కంటే కష్టమైన పని ఇంకొకటి లేదు. అన్నం ముందు కూర్చున్నా హసీనా ఆలోచన ఆ టాపు మీదే. కలిపిన అన్నం కలుపుతూనే ఉంటే, కంచంలో ఏం రిపేరు చేస్తున్నావని తల్లి బీబమ్మ మందలించింది. చివరికి బుడేన్ సాహెబ్ తానే బండి ఎక్కి, ఆ ఎండలో సగం పూట టాపు కింద పడుకుని, ఒక్కో వైరునూ వేళ్లతో తడుముతూ వెతికాడు. చెమట తుడుచుకుంటూ దిగి, ఏమీ దొరకలేదన్నాడు.

ఆ మాట హసీనాను గుచ్చింది. కానీ ఆ బండి వచ్చే రోజుల్లో తను మంచి చున్నీ వేసుకుంటోందని కూడా ఆమె గమనించుకుంది. గమనించి, మానలేదు.

ఐదోసారి చాంద్ రావాల్సిన రోజు పొద్దున బాలస్వామి ఫోన్ చేశాడు. నెలలో మూడుసార్లు బండి కడప అంగడిలో ఎందుకుంటోందని అడిగాడు. టాపు బాగానే పనిచేస్తోందని టూరిస్టులు చెబుతున్నారట. లేని రిపేర్లు పుట్టించి గిరాకీ పెంచుకునే వాళ్లను చాలామందిని చూశానన్నాడు.

మధ్యాహ్నం చాంద్ నవ్వుకుంటూ బండి దిగాడు.

"నిజం చెప్పు," అంది. "టాపు ఆగిందా?"

అతని నవ్వు పోయింది. "ఆగలేదు. మొదటిసారి నువ్వు చేసినాక ఒక్కసారి గూడా ఆగలేదు."

"మరెందుకు వస్తాండావు?"

"నిన్ను చూడాలనిపించి."

ఎప్పుడో ఒకరోజు అతను ఈ మాట అంటాడని ఆమె లోలోపల ఎదురుచూస్తూనే ఉంది. ఆ రోజు ఇట్లా ఉంటుందని మాత్రం అనుకోలేదు.

"కండ్లు కనపడని మా నాయన ఎండలో ఆ టాపు కింద పండుకోని లేని తప్పు కోసం వెతికినాడు. నేను లేని రిపేర్లు పుట్టించే దాన్నని మీ ఓనరు అంటాండాడు. ఈ రోడ్డులో ఒక ఆడపిల్ల స్పానరు పట్టుకోని నిలబడి పేరు తెచ్చుకునేదానికి ఎన్ని దినాలు పడతాదో నీకు తెలుసునా? నిజంగా చెడిపోతే తప్ప ఆ బండి ఈ పక్కకి తీస్కరాకు."

చాంద్ బండి ఎక్కి వెళ్లిపోయాడు. మరుసటి రోజు బాలస్వామి మళ్లీ ఫోన్ చేసి క్షమించమన్నాడు. చాంద్ జరిగిందంతా తనతో ఒప్పుకున్నాడని, ఇకమీదట మూడు బండ్ల కరెంటు పనీ ఆమెకే ఇస్తానని చెప్పాడు. పేరు నిలబడింది. అంగడి ముందు మాత్రం ఆ తెల్లబండి నిలబడలేదు.

నాలుగు నెలలు గడిచాయి.

మొదటి నెల కోపంతో నడిచింది. రెండో నెలలో రోడ్డు మీద తెల్లబండి ఏది పోయినా తల దానంతటదే లేచేది. మూడో నెలలో బాలస్వామి బండి ఒకటి నిజంగానే అంగడి ముందు ఆగింది. హసీనా సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి లేచింది. డోరు తీసుకుని దిగింది ఈరప్ప అనే ఇంకో డ్రైవరు, ఒత్తైన మీసాలతో. హారన్ మోగడం లేదన్నాడు. హారన్ బాగుచేస్తూ, మీ ఇంకో బండి ఎట్లా ఉందని మామూలుగా అడిగింది. దాని టాపు గడియారంలా పనిచేస్తోందని, ఎవరో బ్రహ్మాండంగా వైరింగు చేశారని ఈరప్ప మెచ్చుకున్నాడు.

ఆ మెప్పు విని ఆమెకు ఏడుపొచ్చింది. తన చేత్తో వేసిన అతుకులే అతన్ని రానివ్వడం లేదు. కొంచెం వదులుగా బిగించి ఉంటే అనిపించింది ఒక క్షణం. ఆ ఆలోచనకు తనమీద తనకే సిగ్గేసింది. ఫోన్‌లో అతని నంబరు తీసి, చూసి, మళ్లీ పెట్టేసేది. ఏమని చేయాలి? పొమ్మన్నది తనే. ఆ మాటకు కట్టుబడి ఉన్నందుకు అతన్ని తప్పుపట్టడం ఎట్లా?

కార్తెలు మారి వానలు పడ్డాయి. ఒక పొద్దున ఈరప్ప అంగడి ముందు బండి ఆపి, గండికోటలో ఇంకో బండి టాపు లేచి దిగడం లేదని, పైన గాలీ వానా దంచుతున్నాయని, గుడ్డ చినిగితే బండి పాడవుతుందని చెప్పాడు. జమ్మలమడుగు నుంచి ఎవరినో పిలిపించినా చేతకాలేదట. ఓనరు ఆమెను తీసుకురమ్మన్నాడు.

ఆ బండికి డ్రైవరు ఎవరని హసీనా అడిగింది. ఈరప్ప మీసం సవరించుకుని, వాన గట్టిగా వచ్చేట్టుందన్నాడు.

బుడేన్ సాహెబ్ కూడా వస్తానన్నాడు. ఎర్రగుంట్ల దాటేదాకా హసీనా అద్దం మీద నీళ్లు తుడిచే వైపరునే చూస్తూ కూర్చుంది. ఇది కూడా అబద్ధమైతే? అబద్ధమైతే వెనక్కి తిరిగి వచ్చేయాలని నిశ్చయించుకుంది. అట్లా నిశ్చయించుకున్న మనసే, బండి ఇంకొంచెం తొందరగా పోతే బాగుండునని కొట్టుకుంటోంది.

లోయకు ఇవతల, వానలో, టాపు నిటారుగా లేపుకుని బండి నిలబడి ఉంది. ఒక మూల గాలికి కొట్టుకోకుండా తాడు కట్టి, ఆ తాడు చేతికి చుట్టుకుని చాంద్ నిలబడి ఉన్నాడు. తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయాడు. ఆమెను చూసి ఒక అడుగు ముందుకేసి, ఆగిపోయాడు.

"నేను పిలవమని చెప్పలేదు," అన్నాడు. "ఓనరే పంపించినాడు. ఈసారి నిజంగానే చెడిపోయింది. చూసుకో."

హసీనా మీటరు తీసుకుని బండి ఎక్కింది. ఫ్యూజు బాగుంది. మోటారు బాగుంది. తను వేసిన అతుకుల్లో ఒక్కటీ కదల్లేదు. రెండో పక్క, తను ముట్టుకోని పాత వైరులో ఒక కొసకు కరెంటు వస్తోంది, ఇంకో కొసకు అందడం లేదు. ఆ వైరు టాపు చేతి మడతలోంచి పోతుంది. వేళ్లతో వంచుకుంటూ పోతే ఒకచోట దారంలా మెత్తగా వంగింది. పైతోలు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది. టాపు లేచినప్పుడల్లా మడతలో నలిగి, ఎన్నాళ్ల నుంచో ఒక్కో పోగూ తెగుతూ వచ్చి ఉంటుంది.

కొత్త వైరు వేసి, మడత దగ్గర సాగేందుకు వీలుగా కొంచెం వదులు ఉంచి, అతుకు వేసింది. చాంద్ బయట తాడు వదలకుండా నిలబడే ఉన్నాడు. వదిలెయ్యమని ఆమె చెప్పాక వదిలాడు. స్విచ్ నొక్కింది. టాపు మెల్లగా కిందికి దిగి కూర్చుంది. ముందు సీట్లలో ముడుచుకుని కూర్చున్న టూరిస్టు కుటుంబం చప్పట్లు కొట్టింది.

చాంద్ నేరుగా బుడేన్ సాహెబ్ దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు ఎండలో ఆయన వెతికిన తప్పు అసలు లేనే లేదని, తనే అబద్ధం చెప్పానని, నాలుగు నెలలుగా ఆ మాట ఎట్లా చెప్పుకోవాలో తెలియక తిరుగుతున్నానని అన్నాడు.

"బండిలోకి ఎక్కిన పది నిమిషాలకే తెలిసింది అబ్బీ, వైర్లన్నీ బాగుండాయని," అన్నాడు బుడేన్ సాహెబ్.

హసీనా విస్తుపోయింది. "మరి సగం పూట ఎందుకు పండుకున్యావు నాయనా?"

"శానా దినాలైంది కదమ్మా పని చేసి. చేతులు ఊరుకోలేదు. ఈ పిల్లోడు ఎందుకు వస్తాండాడో నీకు గూడా తెలుసనుకుంటి."

ఈరప్ప ఆయన చెయ్యి పట్టుకుని, టీ తాగుదాం రమ్మని దూరంగా ఉన్న డబ్బా అంగడి వైపు తీసుకెళ్లాడు. వాన సన్నబడింది. హసీనా సామాను సర్దుతూ, సర్దిందే మళ్లీ సర్దింది.

"నాలుగు నెలలు," అంది చివరికి. "ఒక ఫోనన్నా చెయ్యలేదు."

"టాపు చెడిపోలేదు. ఏమని చేసేది?"

"టాపు మాట ఎత్తొద్దు ఇంక. అబద్ధం గూడా వద్దు. చూడాలనిపిస్తే చూడాలనిపించిందనే చెప్పు. పని ఉంటే తిడతా, లేకపోతే కూర్చోమంటా."

చాంద్ ముఖం మీద నీళ్లు తుడుచుకున్నాడు. ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"చూడాలనిపిస్తాంది," అన్నాడు.

"ఎదురుగానే ఉండాను కదా."

"అయినా గూడా."

ఆమె తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికి వంచుకున్న తల అది. దాగలేదు.

టీ తాగి తిరిగి వచ్చిన బుడేన్ సాహెబ్, గొంతు వినపడిన వైపు చెయ్యి చాచి చాంద్ భుజం పట్టుకున్నాడు.

"కర్నూలులో మీ ఇల్లు యాడ అబ్బీ?" అని అడిగాడు. "మీ అమ్మతో మాట్లాడేదానికి ఎప్పుడు రమ్మంటావు?"