సందర్శకుడి ప్రతి

ఉదయం తొమ్మిది గంటలకు పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, బల్ల మీద రెండు కాగితాలను పక్కపక్కన పరిచారు. రెండింటి శీర్షికా ఒకటే: ‘ఇంట్లో డయాలసిస్ – సహాయం’. మొదటిది కోడలు ఆయన చేతికిచ్చినది. రెండవది ఆమె ప్రింటరులో మరచిపోయినది.

రిజిస్ట్రేషను కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు అసలుతో నకలును సరిచూసిన మనిషి ఆయన. ఎర్ర పెన్సిలు పట్టుకుని వరుస వెంట వరుస పోల్చగా, తన ప్రతిలో పదకొండు వాక్యాలు లేవని తేలింది. ‘యంత్రం మోగితే ఏమి చేయాలి’ అన్న భాగమే లేదు. దాని స్థానంలో ఒకే వాక్యం ఉన్నది: ‘ఇంట్లోవారిని పిలవండి.’

వారం రోజులుగా ఆయనకు అనుమానంగానే ఉన్నది. తాను గదిలో అడుగు పెట్టగానే అత్తాకోడళ్ల మాటలు ఆగిపోతున్నాయి. లాప్‌టాప్ మూత పడిపోతున్నది. ఇంట్లోనే డయాలసిస్ చేయించుకుంటున్న భార్య ఆరోగ్యం గురించి తన దగ్గర ఏదో దాస్తున్నారు.

కోడలు వంటింట్లోనుంచి రాగానే ఆయన గొంతు సవరించుకున్నారు.

“ఒకే పేరుతో రెండు ప్రతులు. మా ఆఫీసులో దీన్నేమంటారో తెలుసా అమ్మా?”

“ఏమంటారు మామయ్యగారూ?”

“ఫోర్జరీ అంటారు.”

ఆమె నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. “అయ్యో, అది కాదండీ. ఆ యంత్రంలోని సాఫ్ట్‌వేరు మా కంపెనీదే, దానికి సహాయం పేజీలు రాయడమే కదా నా ఉద్యోగం. అందరికీ అన్నీ రాస్తే ఎవరూ చదవరు. అందుకే నర్సుకు వేరే, దగ్గరుండి చూసుకునేవాళ్లకు వేరే. ఎవరి పాత్రను బట్టి వాళ్లకు.”

“భేష్. మరి నా పాత్రేమిటి?”

ఆయన కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలుంచారు. ‘సందర్శకుల కొరకు’.

“నలభై నాలుగేళ్లు కాపురం చేసి, నా పెళ్లానికి నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణా? ఎవరి నిర్వాకం ఇది? నీదా, నీ మొగుడిదా?”

“నాది!” పక్కగదిలోనుంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఆ పిల్లనేమీ అనకండి. ఎవరికే పాత్రో చెప్పాల్సింది రోగే. నేనే చెప్పాను.”

పెద్దాయన గుమ్మం దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. మంచం పక్కన యంత్రం మెల్లగా గురగురమంటున్నది.

“నేనంత చేతకానివాడిలా కనిపించానా?”

“పోయినవారం ఇది మోగినప్పుడు మీ అవతారం మీరు చూసుకోలేదు. గొట్టం కాస్త మెలికపడింది, అంతే. ఆ పూటంతా మెతుకు ముట్టలేదు మీరు. ఒకే ఇంట్లో ఇద్దరు రోగులెందుకండీ?”

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

“ఆ మోత నీకేమైందని చెబుతోందో తెలియక హడలిపోయానే. ఈ పిల్ల పదకొండు వాక్యాలు రాసింది. గొట్టం, మీట, తెర. నువ్వు బాగున్నావో లేదో ఒక్కదాంట్లోనూ లేదు.”

వెనకే వచ్చిన కోడలు తాను తెచ్చిన రెండో కాగితం చదువుకున్నది. నిజమే. ఆమె కళ్లు చెమర్చాయి.

“తప్పు నాదే మామయ్యగారూ. ఆఫీసులో ఎవరికి రాసినా ముందు వాళ్ల పక్కన కూర్చుని అడుగుతాను. మిమ్మల్ని మాత్రం అడగలేదు.” లాప్‌టాప్ తెచ్చి, ఆయనకు కనిపించేలా తెరిచింది. “చెప్పండి. మోగగానే మీకు మొట్టమొదట ఏం తెలియాలి?”

ఆయన భార్య వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పారు. “ముందు ఆమె ముఖం చూడమని రాయి. పలకరించమను. ఆమె పలికితే మనిషికి ధైర్యం వస్తుంది. మెలిక ఎక్కడుందో అప్పుడు చెప్పు.”

కోడలు ఆ మాటలనే ఉన్నవి ఉన్నట్లుగా టైపు చేసింది. “పాత్ర ఏమని పెట్టమంటారు అత్తయ్యా?”

“భర్త అని పెట్టు.”

“మా జాబితాలో అది లేదు.”

“లేకపోతే చేర్చు. అంతమంది చదువుకున్నవాళ్లు కూర్చుని మొగుణ్ణి మరిచిపోయారా?”

పెద్దాయన కుర్చీని మంచం దగ్గరకు జరుపుకుని, గొట్టం దారి వెంట గాలిలోనే వేలు కదిపారు.

“ఇక్కడేనా మెలికపడింది?”

“ఇంకొంచెం కింద,” అంటూ ఆమె ఆయన వేలు పట్టుకుని అక్కడికి చేర్చింది.