పెరుగు రాని పంక్తి

తొట్టిలో పాలు ఇంకా చల్లారలేదు. ఉష్ణసూచి పచ్చరంగుకు మారేదాకా తోడు వెయ్యకూడదని నియమం. అయినా నూకరత్నం సూచిని ఒక్కదాన్నే నమ్మే మనిషి కాదు. గరిటెతో తీసిన పాలచుక్కను మణికట్టు మీద వేసుకుని చూసింది. చురుక్కుమంది. ఇంకా ఆగాలి. వేడిపాలలో పడితే తోడులోని జీవులు చచ్చిపోతాయి, పాలు పాలలాగే మిగిలిపోతాయి. రేపు మధ్యాహ్నం పల్లపురం మొత్తానికి పెరుగుండదు.

ఆ ఊహకే ఆమె అరచేతులకు చెమట పట్టింది. తోడుగదిలో పనిచేసేవాళ్ళకు అలా పట్టాలి కూడా. అందుకే వాళ్ళకు పెరుగు పెట్టరు.

పల్లపురంలో పెరుగంటే ఉత్త పెరుగు కాదు. ఆ తోడులోని జీవులు కడుపులో చేరి నిమ్మళాన్ని ఊరిస్తాయి. అది ఒక రోజుకు మించి ఒంట్లో నిలవదు గనక రోజూ తినాలి. సముద్రానికి దిగువన, కడలిగోడ చాటున కట్టిన ఊరది. మొదట్లో జనం నీళ్ళ భయంతో నిద్రలు పట్టక, అన్నం సయించక మంచాన పడ్డారట. మాత్రలిస్తే పారేశారు. పప్పులో కలిపితే పప్పు మానేశారు. ఏది మానినా పెరుగన్నం తినందే ఈ మనుషులు కంచం ముందు నుంచి లేవరని చివరికెవరో కనిపెట్టారు. అంతే, ఊరు కుదుటపడింది. రక్తపోట్లు దిగాయి, మొగుడూ పెళ్ళాల పోట్లాటలు తగ్గాయి. అబద్ధమెందుకు, మంచే జరిగింది. కాకపోతే నిమ్మళం తిన్నవాళ్ళు తోడుగది తొట్లు కడగడం కూడా నిమ్మళంగా మరిచిపోయారు. పెరుగు విషమై కొందరు పోయారు. అప్పట్నుంచి ఈ గది భయస్తులకే ఇస్తున్నారు.

కడలిగోడ కాపలాకు కూడా భయస్తులే కావాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

నూకరత్నం మొగుడు సత్తిబాబు ఆ గోడ మీదే కాపలాదారు. పొద్దున ఫలహారాల దగ్గర వాళ్ళ కూతురు అల్లి ముందు మొదలుపెట్టింది.

"అమ్మా, మా బడి గోడ ఉప్పగా ఉందే."

"గోడ ఉప్పగా ఉండడమేంటే?"

"నాకి చూశాం. అందరం నాకాం. నా చోటే ఎక్కువ ఉప్ప."

బడి కడలిగోడను ఆనుకునే ఉంటుంది. నూకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. సత్తిబాబు ఇడ్లీ తుంచుకుంటూ, "ఊట దిగుతుందిలే," అన్నాడు. "ఇదివరకు తేటనీరు వచ్చేది. ఇప్పుడు మట్టితో వస్తుంది."

"మట్టితో వస్తే ఏంటి మావా?"

"లోపల గోడ కరిగిపోతందన్నమాట. చెవొగ్గితే గుడగుడమని వినపడతంది కూడాను. ఈ అమావాస్య పోటుకి ఆగుద్దో ఆగదో."

"పైవాళ్ళకి చెప్పావా?"

"చెప్పాం. చూద్దాం అన్నారు. కొంచెం చట్నీ ఎయ్యి."

రెండ్రోజుల్లో అమావాస్య. పిల్లను బడికి పంపనని ఆమె ఏడ్చింది, అరిచింది. సత్తిబాబు నవ్వుతూ అల్లిని భుజాన వేసుకుని తీసుకెళ్ళిపోయాడు. పిల్లను గుండెల మీద పెట్టుకుని పెంచిన మనిషే.

తోడుగది తలుపు తెరుచుకుని పర్యవేక్షకురాలు హైమావతి లోపలికి వచ్చింది. మధ్యాహ్నమే నూకరత్నం ఆమెకు సంగతంతా చెప్పి, చేతులు పట్టుకుని బతిమాలింది. ఇప్పుడామె చేతిలో చిన్న గిన్నె ఉంది.

"కనుక్కున్నానమ్మా. గోడ సంగతి వాళ్ళు చూసుకుంటారు."

"ఎప్పుడండీ? గోడ పడిపోయాకాండీ? మా పిల్ల దాని కిందే ఉంటాదండి."

"నీ భయం పాల వరకే ఉండాలి నూకరత్నం. అది గోడ దాకా పాకుతోంది." హైమావతి గిన్నె బల్ల మీద పెట్టింది. అందులో గడ్డపెరుగు. "ఇన్నేళ్ళు ఒక్కదానివే భయపడ్డావు. చాల్లే పాపం. తోడేసి, ఇది తిని, హాయిగా ఇంటికెళ్ళు. రేపట్నుంచి నిన్ను గోదాముకి మారుస్తున్నాను."

ఆమె మాటలో కోపం లేదు, బెదిరింపూ లేదు. నిజంగా జాలిపడే చెప్పి వెళ్ళిపోయింది. నూకరత్నాన్ని వణికించింది ఆ జాలే.

గిన్నె కేసి చూసింది. తినాలనిపించింది. నోరూరింది కూడా. నాలుగు ముద్దలు తింటే గుండెదడ ఆగుతుంది, మొగుడి పక్కన కళ్ళు మూసుకుని నిద్రపోవచ్చు. ఆ తర్వాత నీళ్ళు వస్తాయి. అల్లి మునుగుతుంటే తను కూడా పక్కన కూచుని ఇంకొంచెం చట్నీ అడుగుతుంది.

ఆమె గిన్నెను అవతలికి నెట్టింది. గోడ కూలడం కన్నా, దానికి తను భయపడకపోవడమే ఎక్కువ భయమనిపించింది.

ఉష్ణసూచి ఇంకా ఎర్రగానే ఉంది. నూకరత్నం తోడు డబ్బా ఎత్తి వేడిపాలలో వంచేసింది. ఒక్కొక్క తొట్టిలోనూ వంచింది. రేపటి కోసమని శీతలపెట్టెలో దాచిన తోడునూ వదల్లేదు. ఎంత కరువొచ్చినా తోడుకు చెంచాడు ఉంచుకోవాలని చెప్పేది వాళ్ళమ్మ. ఆ చెంచాడు కూడా ఉంచలేదు. చివరికి తనకిచ్చిన గిన్నెను కూడా పాలలోనే కడిగేసింది. దొరికితే ఏం చేస్తారో ఆమెకు తెలుసు. గిన్నె నింపి, పక్కన కూచుని తినిపిస్తారు.

తెల్లారి హైమావతి తొట్ల మూతలు తీసి చూసింది.

"అయ్యో, తోడుకోలేదే," అంది నవ్వుతూ. "కంగారేముంది? కొత్త తోడుకు కబురు పెడదాం. రేపో ఎల్లుండో వస్తుంది."

ఎలా జరిగిందని కూడా అడగలేదు. హైమావతి నిన్న తిన్న పెరుగే నూకరత్నాన్ని కాపాడింది.

మధ్యాహ్నం భోజనశాలలో ఊరంతా పంక్తులు తీరింది. నూకరత్నం మొగుడికీ కూతురికీ మధ్య కూచుంది. పప్పు అయింది, కూర అయింది, పులుసు అయింది. ఎవరూ లేవలేదు. కంచంలో అన్నం కొంచెం మిగుల్చుకుని, చెయ్యి ఎండిపోతున్నా అలాగే కూచున్నారు.

"పెరుగు రాలేదేంటండీ?" అన్నాడొక పెద్దాయన.

"వస్తాది లెండి. పెరుగు లేకుండా లేస్తామా ఏంటి?"

ఎదురుచూశారు. పొద్దు వాలుతోంది. మాటలు ఒక్కొక్కటే తగ్గాయి. అవతలి పంక్తిలో ఎవరిదో చెంబు దొర్లితే నలుగురు ఉలిక్కిపడ్డారు. ఉలికిపాటు ఎరగని మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శాల నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో నేల కింద నుంచి, ఇన్నాళ్ళూ అందరూ వింటున్నదే, గుడగుడమని వినిపించింది.

సత్తిబాబు మెల్లగా తలెత్తాడు. మొహం పాలిపోయింది.

"రత్నం," అన్నాడు. "ఆ గోడ... బాబోయ్, పిల్లల్ని ఆ గోడ కింద పెట్టామే!"

కంచం తన్నుకుని లేచాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. తలుపు దగ్గర నిలబడి, "మెరకకి పదండి! పిల్లల్నెత్తుకోండి!" అని బొబ్బలు పెట్టాడు. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. పంక్తులకు పంక్తులే లేస్తున్నాయి, పెరుగన్నం తినకుండానే.

అల్లి పొట్ట పట్టుకుని తల్లిని కరుచుకుంది. పుట్టి బుద్ధెరిగాక అలా వణకడం దానికిదే మొదలు.

"అమ్మా, కడుపులో ఎలాగో ఉంది. నేనేం తిన్నానమ్మా?"

"ఏం తినలేదు తల్లీ," అని నూకరత్నం పిల్లను చంకనేసుకుని పరుగు తీసింది.