రాగం తీసిన టైరు

అక్కను పట్టించింది ఉడుతే.

ఉడుత అన్నది కోడ్ నేమ్. టైర్ల కంపెనీ డిజైన్ విభాగంలో జూనియర్ వేషం వేసుకుని చేరిన సీక్రెట్ ఏజెంట్ అతను. అందరూ అక్కా అని పిలిచే ఆమె అక్కడ చీఫ్ డిజైనర్. ట్రెడ్, అంటే టైరు మీది గాళ్ళ నమూనా, గీయడం అతనికి ఓనమాల నుంచి నేర్పింది, రోజూ తన క్యారియర్‌లో సగం పెట్టింది. ఆ అక్క సొరుగులో దొరికిందంటూ తమ తరఫున శత్రువుల మధ్య తిరిగే డబుల్ ఏజెంట్ మెరుపు ఒక డ్రాయింగ్ తెచ్చి అతని ముందు పరిచింది.

"ఇది ట్రెడ్ కాదు డియర్. శత్రువులకు పంపే కోడ్," అంది నల్ల కళ్ళద్దాలు పైకి తోసి నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక డ్రాయింగ్ ఎవడు చూస్తాడు? ఉడుత రిపోర్టు మీద సంతకం గీకేశాడు. తీసుకెళ్తున్నప్పుడు అక్క అతని వంక చూసిందే కానీ ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా అతని ప్రాణం కాస్త కుదుటపడేది.

మర్నాడు పొద్దున చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"శాంతి చర్చలకు విదేశీ ప్రతినిధి వస్తున్నాడు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎస్కార్ట్ నువ్వే. స్పీడ్ ఎనభై. పెంచొద్దు, తగ్గించొద్దు."

"మెరుపు?"

"తలనొప్పిట, రాదు. కారుకు కొత్త టైర్లు మాత్రం దగ్గరుండి వేయించింది."

ప్రతినిధిని ఎక్కించుకున్న కారు ఎనభై అందుకోగానే కింద నుంచి సన్నగా కూత మొదలైంది. ఒకటే స్వరం.

"కొత్త టైర్లు సార్, ఇలా ఏడుస్తున్నాయేంటి?" అన్నాడు డ్రైవర్.

ఉడుతకు అక్క చెప్పిన పాఠం గుర్తొచ్చింది. "ట్రెడ్‌లో రబ్బరు దిమ్మలన్నీ ఒకే పొడవుంటే టైరు ఒకే రాగం తీస్తుంది తమ్ముడూ. పొడవులు కలగాపులగం చేస్తే నోరు మూసుకుంటుంది."

ఆ డ్రాయింగ్‌లో దిమ్మలన్నీ ఒకే పొడవు! కోడూ లేదు, గీడూ లేదు. అది అచ్చంగా ఈ టైరే. ఈ కూతను గుర్తుపట్టగల ఒకే ఒక్క మనిషిని మెరుపు అతని చేతే లోపల వేయించింది.

ఎదురుగా వంతెన కనిపిస్తోంది. ఉడుత ఇంటరాగేషన్ గదికి ఫోన్ కొట్టి అక్కకు ఇమ్మన్నాడు.

"అక్కా, నేను..."

ఆమె ఫోన్ పెట్టేసినా తప్పు పట్టడానికి అతనికి నోరు లేదు. కానీ ఫోన్‌లోంచి ఆ కూత ఆమెకూ వినపడింది.

"ఎవరో ఈ స్వరం కోసమే చెవి ఒగ్గి ఉన్నారు. స్పీడ్ తగ్గించు, స్వరం దిగిపోతుంది. తొందరగా!"

"బ్రేక్!" అని అరిచాడు ఉడుత.

కూత మూలుగై, గొణుగుడై, సరిగ్గా వంతెన మొదట్లో ఆగింది. వంతెన కింద మైక్రోఫోన్, ఆ స్వరం వినగానే పేలేలా దానికి తగిలించిన బాంబు దొరికాయి. తలనొప్పి తగ్గినట్టుంది, మెరుపు విమానం మెట్లు ఎక్కుతూ దొరికింది.

సాయంత్రం చీఫ్ అక్క విడుదల కాగితం తెచ్చి వాళ్ళిద్దరి ముందు బల్ల మీద పెట్టాడు. దాని మీదా ఉడుత సంతకమే కావాలి.

"నీ చేతి తిండి తిని నీకే..." ఉడుత పెన్ను తీశాడు. "క్షమించమని అడిగే మొహం కూడా లేదక్కా."

"లేదు," అంది అక్క, కాగితం అతని వైపు తోస్తూ. "ఈసారైనా చదివి సంతకం పెట్టు, తమ్ముడూ."