మూరెడు దూరంలో తీసిన ఫొటో

ఆ ఇంట్లో రోజూ ఎలా తెల్లారుతుందో ఆ రోజూ అలాగే తెల్లారింది. కాఫీ అందుకుంటున్న కూతురి వంక చూసి, అద్దం ముందు అంతసేపు నిలబడితే ముక్కు తగ్గుతుందా అని అడిగింది తల్లి. తండ్రి పేపరు చాటున నవ్వీ నవ్వనట్టు దగ్గాడు. ఇరవై ఆరేళ్ళ కూతురు ఈ మాటలకి ఎప్పుడో అలవాటు పడిపోయింది.

మేడ మీద ఇల్లు, కింద ఫొటో స్టూడియో. ఫొటోలు తీసేది తల్లి. వంకర మూతి కూడా ఆమె చేతిలో తిన్నగా పడుతుందని పాతికేళ్ళుగా పేరు. కౌంటరు, ప్రింట్లు, ఫ్రేములు కూతురివి. కెమెరా మాత్రం తల్లి ముట్టుకోనిచ్చేది కాదు.

అమ్మాయి గొంతు చక్కనిది. టీవీలో వార్తలు చదవాలని ఆమె కోరిక. నాలుగేళ్ళలో నాలుగుసార్లు దరఖాస్తు పెట్టింది, ప్రతిసారీ అమ్మ తీసిన ఫొటో జతచేసి. ఒక్కసారీ పిలుపు రాలేదు. ఆ ఫొటోల్లో ముక్కు ముందుకి పొడుచుకొచ్చి, చెవులు ఎక్కడో వెనక్కి పోయి ఉండేవి. ఫోనులో చేయి చాపి తీసుకున్నా అదే ముక్కు. అద్దం వేరేలా చెప్పినా, అద్దంలో ఎవరికి వాళ్ళు బాగానే ఉంటారని తల్లి కొట్టిపారేసేది. నమ్మక ఏం చేస్తుంది, అంటున్నది కన్నతల్లి. ఐదో దరఖాస్తు రేపటిలోగా పంపాలి. వయసు పరిమితి ప్రకారం ఆమెకిదే ఆఖరిది.

మణికట్టు బెణికిందని తల్లి డాక్టరు దగ్గరికి వెళ్ళిన సమయంలో ఒక బస్సు డ్రైవరు లైసెన్సు ఫొటోకి వచ్చాడు. తిప్పి పంపడం ఎందుకని కూతురే కెమెరా తీసింది. దానికి గుంపు ఫొటోలకి వాడే పొట్టి లెన్సు ఉంది. అందులోంచి మనిషి మరీ చిన్నగా కనిపించాడు. ముఖం నిండుగా పడాలని ముందుకి జరిగి జరిగి మూరెడు దూరానికి వెళ్ళి నొక్కింది.

ప్రింటు చూసుకున్న డ్రైవరు, "అమ్మాయిగారూ, మీసం నాదే. ముక్కు ఎవరిదండీ?" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడే వచ్చిన తల్లి ఆ ప్రింటు చూసి ఒంటికాలి మీద లేచింది.

"ఈ లెన్సు పెట్టి ముఖంలోకి దూరి తీస్తారటే ఎవరైనా? దగ్గరున్నది పెద్దదైపోతుంది, వెనకున్నది చిన్నదైపోతుంది. ఎంత అందగాడైనా చుంచెలుకలా పడతాడు. పొడుగు లెన్సు పెట్టి నాలుగడుగులు వెనక్కి జరగాలి."

నోరు జారిందని ఆమెకి తెలియనే లేదు. పొడుగు లెన్సు బిగించి, వెనక్కి జరిగి తనే తీసింది. డ్రైవరు తన ముక్కు తనకొచ్చిందని సంతోషపడి వెళ్ళిపోయాడు.

కూతురు సొరుగులోంచి తన ఫొటో తీసి, డ్రైవరు వదిలేసిన ప్రింటు పక్కన పెట్టింది. ఇద్దరూ అన్నాచెల్లెళ్ళలా ఉన్నారు.

"నన్ను తీసినప్పుడు ఎంత దూరంలో నిలబడ్డావమ్మా?"

"ఎప్పటి మాటో. గుర్తులేదు."

"నాకు గుర్తుంది. నీ ఊపిరి నా ముఖానికి తగిలింది. నాలుగుసార్లూ."

భోజనానికి పిలవడానికి దిగివచ్చిన తండ్రి మెట్ల మీదే ఆగిపోయాడు. నీకూ తెలుసా అని కూతురు అడిగితే ఆయన భార్య వంక చూశాడు. రెండోసారప్పుడే తెలిసిందనీ, ఇంటి గొడవెందుకని ఊరుకున్నాననీ చెప్పాడు.

"మొదటిసారి పొరపాటే," అంది తల్లి. "అప్పుడు పొడుగు లెన్సు రిపేరుకిచ్చాను. నీకు పిలుపు రాలేదు, నువ్వు ఇక్కడే ఉండిపోయావు. ఆ తర్వాత తెలిసే తీశాను. నువ్వు వెళ్ళిపోతే ఈ మాటాపలుకూ లేని మనిషితో నేనొక్కదాన్నీ ఉండలేనే."

"నన్నిక్కడే ఉంచుకున్నావు, సరే. రోజూ నా ముక్కు ఊసెందుకు?"

తల్లి మణికట్టు మీది కట్టు సర్దుకుంటూ అంది. "నువ్వు నమ్మాలి కదా."

కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఈ గడప తొక్కి ఉండరు.

తల్లి కట్టు కట్టిన చేత్తోనే కెమెరా సరిచేసి, ఒక్కసారి కూర్చోమని బతిమాలింది. రేపే గడువు గనక కూతురు కూర్చుంది. ఈసారి ముక్కు ముక్కంతే ఉంది, కళ్ళు నిండుగా ఉన్నాయి. ఎంత బాగున్నావే అన్నాడు తండ్రి, ఆమె పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

కూతురు ఆ ఫొటో వంక పరాయిదాని వంక చూసినట్టు చూసింది.

"ఇదీ లెన్సే కదమ్మా. ఇది బాగా చూపించే లెన్సు. నేనెలా ఉంటానో నాకిప్పుడు తెలీదు. నువ్వు చెబితే నమ్మలేను."

తల్లి స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కొన్ని వేల ముఖాలు సరిదిద్దిన మనిషికి, పాడుచేసింది ఒక్కటేననీ, దాన్ని దిద్దే లెన్సు తన దగ్గర లేదనీ అప్పుడు అర్థమైంది. అమ్మ ఏడిస్తే దగ్గరికి తీసుకుని ఊరడించడం ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు మాత్రం ఆమెకి చేయి లేవలేదు. ఫొటో కవరులో పెట్టి అంటించి, మీరు తినేయండి, నేను పోస్టులో వేసి వస్తానని చెప్పి బయటికి నడిచింది.