పలకని కార్డు

తిరుత్తణి కొండ కింద, చెంగయ్య తన కంప్యూటర్ రిపేర్ షాపు షట్టర్ ఎత్తగానే గుండుకు చందనం పూసుకున్న ఒక భక్తురాలు లోపలికొచ్చింది.

"పాత ప్రింటర్ రిబ్బన్ ఉందా అన్నా?"

"అరక్కోణంలో అడగమ్మా."

కోడ్ సరిపోయింది. దేవసేన. మొన్నటిదాకా నడుం దాటే జడతో విదేశీ ముఠా నాయకుడి పక్కన మెరిసిన డబుల్ ఏజెంట్. ముఠా నుంచి కొట్టేసిన కంప్యూటర్ కార్డును నిన్ననే షాపుకు పంపింది. అది పాతకాలం కార్డు, కొత్త మదర్‌బోర్డులో దానికి స్లాట్ లేదు. అందుకే ఇప్పుడు అడాప్టర్ తెచ్చింది.

చెంగయ్య టేబుల్ మీద నిన్నటి ఆయుధపూజ బొరుగులు తోసేసి పనిలోకి దిగాడు. తిరువళ్ళూరు నుంచి చీఫ్ ఫోన్‌లో చెప్పింది ఒకటే: "పదకొండు నలభైకి సిగ్నల్ ముఠా చేతిలోకి పోతుంది. ఒకే పట్టాల మీదికి ఎదురెదురుగా రెండు ఎలక్ట్రిక్ ట్రైన్లు. ట్రైన్లను ముందే ఆపితే పసిగట్టి ఇంకోచోట చేస్తారు. వాళ్ళ ప్రోగ్రాంను చంపే కోడ్ ఆ కార్డులోనే ఉంది. ఆమెను మాత్రం నమ్మొద్దు."

అడాప్టర్‌కు పవర్ వైరు తగిలించాడు. స్లాట్ మార్చాడు. డ్రైవర్ మళ్ళీ ఎక్కించాడు. కంప్యూటర్‌కు కార్డు ఉన్నట్టే తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా గూఢచారిగా ఇదే బతుకు. తుపాకీ కంటే స్క్రూడ్రైవరే ఎక్కువ పట్టాడు.

పదకొండు ముప్పై.

"ఈ అడాప్టర్ యాడ తెచ్చినావు?" తుపాకీ తీశాడు.

"నన్ను కాల్చినాక కార్డు పలుకుతాదా? ఈ వేషానికి జుట్టు ఇచ్చినాను, ఇప్పుడు తల కూడా ఇయ్యాల్నా?"

విసుగ్గా గుండు గోక్కుంది. ఎండిన చందనం పెచ్చు టేబుల్ మీద రాలింది.

చెంగయ్య ఆ పెచ్చును చూశాడు. తుపాకీ పక్కన పెట్టి కార్డు ఊడబీకాడు. స్లాట్‌లో దిగే బంగారు పళ్ళ మీద గట్టిపడిన చందనం బొట్టు, మధ్యలో కుంకుమ.

"పూజలో దీనికీ పెట్టినావా అన్నా?"

"పక్క షాపోళ్ళు చూస్తా ఉండారని టేబుల్ మీద ఉండేదానికంతా పెట్టినాను."

పెన్సిల్ రబ్బరుతో పళ్ళు రుద్దాడు. మళ్ళీ గుచ్చాడు. స్క్రీన్ మీద కార్డు పేరు కనబడింది. కోడ్ వెళ్ళేసరికి పదకొండు ముప్పై తొమ్మిది. స్టేషన్ వైపు ఒక ట్రైను హారన్ మోగింది. కాసేపాగి, దూరంగా ఇంకోటి.

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్. ఇంత ఆలస్యం ఎందుకు? ఎవడైనా కావాలని చెడగొట్టాడా? ఎవడో తెలిసిందా?"

దేవసేన బొరుగులు నములుతూ అతని మొహమే చూస్తోంది.

"తెలిసింది సార్," అన్నాడు చెంగయ్య. "లోపలి మనిషే. ఇరవై రెండేళ్ళ సర్వీసు."